మైనం మీద పన్నెండు మెట్లు

పాలమూరు కిన్నెరకు పద్మశ్రీ వచ్చింది. ఇక రావాల్సింది శిష్యుడు.

“నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సంగీతాన్నే నమ్ముకుని బతికేవాళ్ల మీద ముఖచిత్ర కథనం కావాలి. వాయించేవాళ్లూ ఉండాలి, నేర్పేవాళ్లూ ఉండాలి. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి.” ఎడిటర్ గారు చెప్పింది ఇంతే.

జాబితా రాయడం మొదలుపెడితే కాగితం చాల్లేదు. పెళ్లి పందిట్లో సన్నాయి, డోలు. ఊరేగింపులో బ్యాండు మేళం. భజన మందిరంలో హార్మోనియం పెట్టె. గొల్లకురుమల ఇళ్ల ముందు ఒగ్గు కథ. చిందు బాగోతం. గురుకులంలో మ్యూజిక్ టీచర్. టౌన్లో సాయంత్రం కీబోర్డు క్లాసులు. ఒక్కొక్కటీ ఒక్కో ఆదివారానికి సరిపోయే కథ. అన్నిటికీ తలా రెండు పేరాలు పంచేస్తే పని సులువుగా తేలిపోయేది. కానీ ఒక చిన్న వస్తువు దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ముందుకు కదల్లేదు. అది తేనెపట్టు మైనం.

పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగవాద్యంలో మెట్టును వెదురు దండానికి పట్టి ఉంచేది ఆ మైనమే. మేకు ఉండదు, మర ఉండదు. మైనాన్ని వేడి చేసి, మెత్తబడ్డాక దండం మీద ముద్దలుగా పెట్టి, అందులో మెట్టును నిలబెడతారు. తీగ మీటి వింటారు. స్వరం పొసగకపోతే మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు. మళ్లీ మీటుతారు, మళ్లీ వింటారు. చెవికి ఇంపైన చోట మైనం గట్టిపడనిస్తారు. ఇలా పన్నెండు సార్లు. ఈ పనికి కొలబద్ద లేదు. తండ్రి గొంతులో, తాత గొంతులో విన్న పాటే కొలత. మెట్లు ఎక్కడ ఉండాలో ఆ పాట నిర్ణయిస్తుంది.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. తేనెపట్టు మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల వేడి దగ్గర. మెత్తబడటం మాత్రం అంతకు చాలా ముందే, 35 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. పాలమూరు మే నెల ఎండ 43 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అంటే ఎర్రటి ఎండలో ఊరు దాటుతున్న కళాకారుడి భుజం మీద ఉన్నది, తనంతట తానే శ్రుతి తప్పగల వాద్యం. దాన్ని నీడపట్టున ఉంచాలి, గుడ్డ చుట్టాలి, వెళ్లిన ఊళ్లో పాటకు ముందు మళ్లీ మీటి సరిచూసుకోవాలి. మెట్టు ఒరిగితే అక్కడికక్కడే సరిచేయాలి. కాబట్టి కిన్నెర వాయించేవాడికి కిన్నెర చేయడం కూడా వచ్చి తీరాలి. ఈ వృత్తిలో సంగీతకారుడు, వాద్యం చేసే పనివాడు ఒక్కడే మనిషి. ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ మాటలోంచే పుడుతోంది.

మైనం మీద మెట్లు అనగానే వీణ తెలిసినవాళ్లకు వెంటనే వెలుగుతుంది. సరస్వతీ వీణకు 24 మెట్లు. వాటిని కూర్చోబెట్టేదీ మైనమే. ఆ పనిని మేళం కట్టడం అంటారు. బొబ్బిలిలోనో, నూజివీడులోనో, హైదరాబాద్‌లోనో దానికి ప్రత్యేకంగా చెయ్యితిరిగిన పనివాళ్లు ఉంటారు. వీణ టీచర్ తన వీణను వాళ్ల చేతికిస్తుంది, కొత్త మేళంతో తిరిగొస్తుంది. ఇద్దరు మనుషులు, రెండు వృత్తులు, రెండు సంపాదనలు. కిన్నెరకు అలాంటి పని విభజన లేదు. చేసేవాడు పోతే వాయించేవాడు పోయినట్టే, వాయించేవాడు పోతే చేసేవాడు పోయినట్టే. కచేరీ వేదిక మీది వీణకూ కల్లం గట్టు మీది కిన్నెరకూ మైనం ఒకటే. ఆ మైనం పట్టే చేతికి వచ్చే గౌరవం, దక్కే జీతం మాత్రం ఎన్నడూ ఒకటి కాలేదు.

వెదురు, బుర్రలు, అలుగు పెంకులు

కిన్నెర ఒళ్లంతా అడవిలోంచి, పెరట్లోంచి వచ్చిందే. దండానికి వెదురు. నాదానికి ఎండిన సొరకాయ బుర్రలు. తీగలకు ఒకప్పుడు జంతువుల నరాలు, వెంట్రుకలు వాడేవారని చెబుతారు. ఇప్పుడు లోహపు తీగలే. మెట్లకు పాతరోజుల్లో అలుగు పెంకులు. నల్లమల అంచు పల్లెల్లో దొరికే వస్తువుల్లో గట్టిదనం, నునుపు రెండూ ఉన్నది అదే కావచ్చు.

అలుగు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది. పెంకు దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. ఆ చట్టం ఉండాల్సిందే. అలుగును బతికించుకోవాల్సిందే. దాని ఫలితం వాద్యం మీద ఎలా పడుతుందో కూడా చూడాలి. పాత కిన్నెర మెట్టు విరిగితే అదే మెట్టు మళ్లీ రాదు. వేరే గట్టి వస్తువు వెతకాలి, చెక్కాలి, నునుపు చేయాలి, మైనంలో నిలబెట్టాలి, పాత నాదం వచ్చేదాకా వినాలి. ఈ ప్రయోగం చేయగల చెవి పాత నాదం విన్న మనిషికే ఉంటుంది. ఆ మనిషి పక్కన కూర్చుని చూసినవాడికే అది అబ్బుతుంది. వీడియో చూసి నేర్చుకునే విద్య కాదిది. మైనం ఎంత మెత్తబడ్డాక పెట్టాలో తెరమీద కనపడదు, వేలికి తెలుస్తుంది.

సొరకాయ సంగతీ అంతే. కూరకు కోసే సొరకాయ పనికిరాదు. తీగమీదే ముదరాలి, లోపలి గుజ్జు ఎండాలి, పగుళ్లు పట్టకూడదు. మంచి బుర్ర కోసం ఒక పంటకాలం ఎదురుచూడాలి. శిష్యుడికి మొదటి పాఠం పెరట్లో గింజ నాటడమేనంటే అతిశయోక్తి కాదు.

పరుగున చరిత్ర

కిన్నెర నిన్నమొన్నటిది కాదు. కిన్నరీ వీణను మతంగుడి పేరుతో ముడిపెడతారు సంగీత శాస్త్రకారులు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో చిన్న కిన్నరి, పెద్ద కిన్నరి రెంటి వర్ణనా ఉంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర వాయించి శివుణ్ణి కొలిచిన కిన్నర బ్రహ్మయ్య కనిపిస్తాడు. ఆయన 12వ శతాబ్దపు కళ్యాణ నగరంలో బసవేశ్వరుడి సాటి శరణుడు. ఆ తర్వాత రాజుల కొలువుల్లో వీణ ఎత్తుపీట ఎక్కింది. కిన్నెర ఊరి చివరికి చేరింది. మాదిగల ఆశ్రిత కులమైన డక్కలివారు కిన్నెర పట్టి జాంబవ పురాణం చెప్పుకుంటూ తిరిగారు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు, నిజాం పాలన, దొరల గడీలు, 1948 విలీనం, భూముల మార్పులు, సినిమా, టీవీ, సెల్‌ఫోను అన్నీ దాని కళ్లముందే వచ్చాయి, కొన్ని పోయాయి. పండితుల పుస్తకాల్లో ఏ పేజీలో ఉన్నా, వాద్యాన్ని ప్రాణాలతో కాపాడింది మాత్రం చదువు దక్కని మనుషులే.

అవుసలికుంట మొగిలయ్య

ఈ రోజు పన్నెండు మెట్ల కిన్నెర అనగానే గుర్తొచ్చే పేరు దర్శనం మొగిలయ్య. పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. నల్లమల అంచు. విద్య తండ్రి దగ్గర అబ్బింది. ఊరూరా తిరిగి కథాగానం చేయడం, ఇచ్చింది పుచ్చుకోవడం, మరో ఊరికి నడవడం. దశాబ్దాల పాటు ఆయన ఉద్యోగం ఇదే. దానికి ఆఫీసు లేదు, నెల జీతం లేదు, పింఛను లేదు.

ఆయన పాడే కథల్లో పండుగ సాయన్న ఉన్నాడు. దొరల సొమ్ము కొల్లగొట్టి పేదలకు పంచిన పాలమూరు వీరుడని జనం చెప్పుకునే మనిషి. మియాసాబ్ ఉన్నాడు. ఎండబెట్ల ఫకీరమ్మ ఉంది. ఎండబెట్ల నాగర్‌కర్నూల్ పక్కనే ఉన్న పల్లె. ఈ పేర్లు సర్కారు గెజిటీర్లలో వెతికితే దొరకడం కష్టం. కిన్నెర పాటలో దొరుకుతాయి. అంటే కిన్నెర విద్యార్థికి అందేది రాగం, తాళంతో ఆగదు. ఊళ్ల పేర్లు, వంశాల పేర్లు, ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు ఎవరికి అన్నం పెట్టారో అన్నీ అందులో ఉంటాయి. ఇంత పెద్ద సిలబస్‌ను అక్షరం ముక్క రాసుకోకుండా తలలో మోయాలి. జనం ఎక్కడ విసుగుపడతారో గమనిస్తూ అక్కడ కథ కుదించాలి. ఎక్కడ కంటతడి పెడతారో అక్కడ తీగను కాస్త ఆగనివ్వాలి. ఇది కచేరీ నేర్పు, కథకుడి నేర్పు, గురువు నేర్పు కలిసిన పని.

ఇంతటి విద్యకు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. వచ్చాక గబగబా వచ్చింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య గూడూరు మనోజ వంటివారు తెలంగాణ మూల వాద్యాలను, వాటిని వాయించేవాళ్లను వెతికి పట్టుకుని లోకానికి చూపించారు. తెలంగాణ ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో మొగిలయ్య ప్రస్తావన చేరింది. 2021 సెప్టెంబరు 2న విడుదలైన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు, కిన్నెర వినిపించాయి. ఊళ్లలో విన్నవాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఆ కొద్దిసేపటి పాటను విన్నారు. ఆర్టీసీ బస్సు మీద పాట పాడితే సంస్థ ఆయన్ని సన్మానించి ఉచిత బస్ పాస్ ఇచ్చింది. జీవితమంతా ఊళ్లు తిరగడమే వృత్తిగా బతికిన కళాకారుడికి బస్ పాస్ ఇవ్వాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆయన పని ఏమిటో తెలిసి ఇచ్చిన సన్మానం అది. 2022 జనవరి 25న పద్మశ్రీ ప్రకటన వచ్చింది. ఆ వెంటనే అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించింది.

2024 మే నెలలో మాత్రం మరో వార్త వచ్చింది. మొగిలయ్య హైదరాబాద్ శివార్లలోని తుర్కయాంజాల్ దగ్గర భవన నిర్మాణ పనుల్లో కూలికి పోతున్నారని పత్రికలు రాశాయి. వచ్చిన సొమ్ము ఇంటి అవసరాలకు, పెళ్లిళ్లకు, వైద్యానికి ఖర్చయిందని ఆయన చెప్పారు. సర్కారు ఇస్తున్న పింఛను ఆగిందనీ అన్నారు. చాలామంది దీన్ని ఒక మనిషి దురదృష్టంగా చదివి జాలిపడ్డారు. నాకది వృత్తి సమస్యగా కనిపించింది. మొగిలయ్యకు అవార్డు వచ్చింది. ఆయన వృత్తికి ఆదాయం రాలేదు. పద్మ పురస్కారంతో పాటు నగదు ఇవ్వరు. ఒకేసారి వచ్చిన బహుమతి ఒకేసారి ఖర్చవుతుంది. కల్లాల కాలంలో గింజలు, పెళ్లిళ్ల కాలంలో నాలుగు రూపాయలు, జాతరలో నలుగురి చప్పట్లు తెచ్చిన పాత ఏర్పాటు పోయింది. దాని స్థానంలో ఏడాది పొడుగునా పని దొరికే ఏర్పాటు రాలేదు. పాలమూరు నుంచి వలసపోయిన లక్షల మందిలాగే కళాకారుడూ కూలి దొరికే చోటికి పోయాడు.

దామరగిద్ద బుర్రవీణ

ఇటు నల్లమల వదిలి పడమరకు వెళ్తే, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని నారాయణపేట జిల్లా దామరగిద్ద. ఒకప్పుడు ఇదీ మహబూబ్‌నగర్ జిల్లాయే. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అయింది. అక్కడి దాసరి కొండప్ప వాయించేది బుర్రవీణ. వెదురు, సొరకాయ బుర్ర, లోహపు తీగలు. కుటుంబంలో ఆయన మూడో తరం. తెలుగులోనూ, కన్నడంలోనూ తత్త్వాలు, భక్తి పాటలు పాడతారు. సరిహద్దు పల్లెల్లో ఒక్క భాషతో పూట గడవదు. ఏ వాకిట్లో ఏ భాష వింటారో ఆ భాషలో గొంతెత్తాలి. 2024 జనవరి 25న ఆయనకూ పద్మశ్రీ ప్రకటించారు. బుర్రవీణ పట్టిన చివరితరం కళాకారుల్లో ఒకరని అప్పుడు పరిచయం చేశారు.

ఆ పరిచయం చదివినప్పుడు నాకు గర్వం కంటే దిగులే ఎక్కువ కలిగింది. రెండేళ్ల తేడాతో ఒక్క ఉమ్మడి జిల్లాకు రెండు పద్మశ్రీలు, రెండూ తీగవాద్యాలకే. రెండుచోట్లా పక్కనే ‘చివరి’ అన్న మాట. ఆ మాటను మనం ప్రశంసగా వాడుతున్నాం. ఒక బళ్లో చివరి పిల్లాడు మిగిలాడంటే ఆ పిల్లాణ్ణి సన్మానించి ఊరుకుంటామా, బడి మూతపడకుండా చూస్తామా?

గురువుకు 7,500, శిష్యుడికి 1,500

ఈ కథనానికి చదివిన కాగితాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది కేంద్ర సాంస్కృతిక శాఖ గురు శిష్య పరంపర పథకం వివరాలు. దేశంలోని ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు దీన్ని అమలు చేస్తాయి. మనది నాగపూర్‌లోని దక్షిణ మధ్య ప్రాంతీయ కేంద్రం పరిధి. కనుమరుగవుతున్న కళలను గురువు చేత నేర్పించడమే పథకం ఉద్దేశం. ఆలోచన మంచిది. నెలకు గురువుకు 7,500 రూపాయలు. సహవాద్యకారుడికి 3,750. శిష్యుడికి 1,500. వ్యవధి ఆరు నెలల నుంచి ఏడాది.

శిష్యుడి లెక్క చూడండి. నెలకు 1,500 అంటే రోజుకు 50 రూపాయలు. తెలంగాణలో ఉపాధి హామీ కూలి 2024-25లో రోజుకు 300. అంటే చెరువు మట్టి తవ్వే పనికి ఆరు రెట్లు. పద్దెనిమిదేళ్ల పాలమూరు కుర్రాడు ఇంట్లో నలుగురి కడుపులు చూసుకుని ఏది ఎంచుకుంటాడు? పారే పడతాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

వ్యవధి సంగతి మరీ ఇబ్బంది. ఆరు నెలల్లో ఏం వస్తుంది? సొరకాయ ముదిరి బుర్ర ఎండడానికే ఒక పంటకాలం పోతుంది. మెట్లు కూర్చడం, తీగ లాగడం, గొంతు శ్రుతిలో నిలపడం, ఒక్క కథ మొదలు చివర పట్టడం అన్నీ ఒకదాని తర్వాత ఒకటి రావాలి. సర్కారు సంగీత కళాశాలల్లో గాత్రానికో, వయొలిన్‌కో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు. ఆ తర్వాత డిప్లొమా రెండేళ్లు. వాద్యం బజారులో కొనుక్కొచ్చి, పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకునే విద్యకే ఆరేళ్లు ఇస్తున్నాం. వాద్యం చేయడం దగ్గర్నుంచి నేర్వాల్సిన విద్యకు, పుస్తకమే లేని విద్యకు ఏడాది ఇచ్చి ముగించమంటే కుదరదు.

అర్హతల గోడ మరొకటి. గురుకులంలో మ్యూజిక్ టీచర్ పోస్టుకు సంగీతంలో డిప్లొమా వంటి కాగితం అడుగుతారు. అడగడం సబబే, పిల్లలకు నేర్పేవాళ్లకు ప్రమాణం ఉండాలి. కానీ నలభై ఏళ్లు వాయించిన కిన్నెర కళాకారుడి చేతిలో ఆ కాగితం ఉండదు. పాఠ్యపుస్తకంలో చోటు దక్కిన మనిషి అదే బడిలో పాఠం చెప్పడానికి దరఖాస్తు పెట్టలేడు. ఈ వైరుధ్యాన్ని సరిదిద్దడానికి పెద్ద చట్టం అక్కర్లేదు. వారానికి ఒకరోజు అతిథి గురువుగా పిలిచి, రోజు లెక్కన గౌరవ వేతనం ఇస్తే చాలు.

రాష్ట్రం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చారు. ఉద్యమంలో గజ్జె కట్టిన గొంతులకు అది పెద్ద ఆసరా. అయితే ఆ ఉద్యోగంలో ప్రధానమైన పని సర్కారు పథకాల ప్రచారం. వాద్య విద్య నేర్పడం ఆ పనిలో భాగం కాలేదు. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పద్మ గ్రహీతలకు 25 లక్షల రూపాయల నగదు, కళాకారులకు నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. గురువు బతుకు నిలబెట్టే మాట అది. ఏ నెలా ఆగకుండా అందితే గురువు నిశ్చింతగా ఇంటి అరుగు మీద కూర్చుని నేర్పగలడు. మిగిలింది ఎదురుగా కూర్చునే శిష్యుడి లెక్క.

ఆ లెక్క వేశాను. ఇద్దరు శిష్యులు. ఒక్కొక్కరికి రోజుకు 2024-25 ఉపాధి కూలి 300 చొప్పున నెలకు 9,000. ఇద్దరికీ 18,000. ఐదేళ్లకు పది లక్షల ఎనభై వేలు. ఒక పద్మ గ్రహీతకు ప్రకటించిన 25 లక్షల్లో సగం కూడా కాదు. ఒక పన్నెండు మెట్ల కిన్నెర, ఒక బుర్రవీణ, ఇద్దరు గురువులు, నలుగురు శిష్యులు కలిపి చూసినా ఐదేళ్ల శిష్య వేతనం ఇరవై రెండు లక్షల లోపే. మరో తరాన్ని తయారుచేసే ఖర్చు ఒక్క నగదు బహుమతి కంటే తక్కువ. ఈ అంకె తేలాక నాకు అవార్డు ఫొటోలు చూస్తుంటే సంతోషం సగమే మిగిలింది. గురువును శాలువాతో గౌరవిస్తున్నాం, మంచిదే. ఆయన ఎదుట ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద గౌరవం.

కూర్చోబెట్టే చోటుకూ కొరత లేదు. మహబూబ్‌నగర్‌లో 2008లో పుట్టిన పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. పాలమూరు మట్టిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరు ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి ఉంది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన మనిషి ఆయన. రాజుల వంశావళులు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు, ఏం పాడారు అని వెతికారు. ఆ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం కిన్నెరకు ఐదేళ్ల శిక్షణ మొదలుపెడితే పేరుకు తగ్గ పని చేసినట్టవుతుంది. అక్కడ పాట రికార్డింగు చేసి దాచడంతో తృప్తిపడకూడదు. రికార్డింగు పాటను దాస్తుంది. పాడే మనిషిని తయారుచేయలేదు. శిక్షణ పూర్తయిన రోజున శిష్యుడు సొంత చేతులతో చేసిన కిన్నెర మీద ఒక కథ మొదలు చివర చెప్పగలగాలి. పరీక్ష అదే, సర్టిఫికెట్ అదే.

మరి నేర్చుకున్నాక పని? అది పాఠకుల చేతుల్లో కూడా ఉంది. పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో పెళ్లిళ్లకు డీజే పెట్టే ఇళ్లు, బళ్లలో వార్షికోత్సవం చేసే యాజమాన్యాలు, జాతరకు స్టేజీ కట్టే కమిటీలు ఏడాదికి ఒక్క పూట కిన్నెరను పిలిస్తే చాలు. పిలిచినప్పుడు ముందే మాట్లాడుకున్న రుసుము ఇవ్వండి. దారి ఖర్చు ఇవ్వండి. ‘చదివింపులు వస్తాయిలే’ అనకండి. ఐదు నిమిషాల్లో ముగించమనకండి, ఒక కథ పూర్తయ్యే సమయం ఇవ్వండి. టౌన్లో కీబోర్డు నేర్పే మాస్టారుకు నెల ఫీజు తేదీ తప్పకుండా కడతాం కదా. కిన్నెర గురువుకూ అదే పద్ధతి వర్తించాలి.

---

పక్క పేజీ: జాతరల దారి

ఊరూరా తిరిగే కళాకారుడి క్యాలెండర్ జాతరలతోనే నడుస్తుంది. దీపావళి దాటగానే చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి జాతర. మాఘంలో నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి జాతర. రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర, యాదవుల పెద్ద పండుగ. చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలో సలేశ్వరం. ఈ సలేశ్వరం మొగిలయ్య సొంత మండలం లింగాలలోనే ఉంది. జనం ఎక్కడ గుమిగూడితే పాటకు అక్కడ కూలి. మైకు సెట్లు, రికార్డు పాటలు వచ్చాక ఆ గుంపులో ఒక్క గొంతు, ఒక్క తీగ వినపడటం కష్టమైంది. ప్రతి జాతర కమిటీ ఒక చెట్టు కిందో, మండపంలోనో మైకు మోత లేని ఒక మూలను కథాగానానికి వదిలితే వినేవాళ్లు వచ్చి కూర్చుంటారు.

పక్క పేజీ: నల్లగొండ గొంతు

నల్లగొండ వైపు పాట నేర్పిన గొప్ప గురువుల్లో ఒకరు బడి పెట్టలేదు, దళం కట్టారు. ఆయన సుద్దాల హనుమంతు. ఉమ్మడి నల్లగొండ జిల్లా సుద్దాల ఊరి పేరే ఇంటిపేరైంది. గొల్ల సుద్దులు, బుర్రకథ వంటి ఊరి కళారూపాలను తీసుకుని తెలంగాణ సాయుధ పోరాటానికి గొంతు చేశారు. పాటలు రాశారు, బాణీ కట్టారు, దళాలకు నేర్పి ఊళ్లకు పంపారు. వెట్టి, దొర, గడీ అన్న మాటలు వింటేనే భయపడే జనం ఆ పాటల్లో వాటిని నిలదీశారు. ఆయన రాసిన పాట ‘మా భూమి’ సినిమాతో కొత్త తరానికి చేరింది. 1982లో ఆయన వెళ్లిపోయారు. కొడుకు సుద్దాల అశోక్‌తేజ సినీగేయ రచయితగా జాతీయ పురస్కారం అందుకున్నారు. హనుమంతు జీవితంలో మన ప్రశ్నకు ఒక జవాబు ఉంది. కళారూపాన్ని పదిమందికి నేర్పే ఏర్పాటు ఉంటే, దాన్ని మొదలుపెట్టిన మనిషి లేకపోయినా అది నడుస్తుంది.

పక్క పేజీ: ఒక్క చూపులో కిన్నెర

దండం: వెదురు. బుర్రలు: ఎండిన సొరకాయలు. మెట్లు: పన్నెండు, తేనెపట్టు మైనంలో కూర్చినవి. తీగలు: ఇప్పుడు లోహానివి. వాయించే తీరు: ఒక చెయ్యి తీగ మీటుతుంది, మరో చెయ్యి మెట్ల మీద వేళ్లు జరుపుతుంది, గొంతు కథ చెబుతుంది. శ్రుతి పెట్టెతో పనిలేదు, పక్కవాద్యం లేకపోయినా నడుస్తుంది. ఒక్క మనిషి మోసుకుని ఊరు దాటగల సంపూర్ణ కచేరీ ఇది.